ఎడమవైపు కూర్చోవాలి

ఒక యాత్రా మహాకావ్యం చెప్పబోతున్నాను. కాదులెండి, యాత్రికుడు మా ఊళ్లోనే ఖరిదా పేట దాకా వెళ్లాడు.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ మావయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఇంట్లో ఆల్ప్స్ లోయలో రైలు వెళ్తున్న బొమ్మ క్యాలెండర్ ఉండేది. ఎవరొచ్చినా స్క్రూడ్రైవర్‌తో చూపించేవాడు.

"రైల్లో ఎడమేపు కూకోరా. ముందు జలపాతం, ఆనక సెక్క సర్చి, ఆకర్ని మంచుకొండ."

"కుడేపు ఏటుంది మావా?" అనేవాణ్ణి.

"ఏటుంటాది, గోడ!"

ఆ రైలెక్కాలని రిటైరయ్యే ముందు క్వార్టర్ చిరునామాతోనే పాస్‌పోర్టుకు పెట్టాడు. విచారణకు పోలీసు వచ్చేసరికి క్వార్టర్ వదిలేసి ఖరిదాలో అద్దెకు దిగాడు. బెంగాలీ పోలీసు పక్కింటివాణ్ణని నన్నడిగాడు.

"నేరు దాదా, కాళీ సేసేసినారు" అన్నాను. అబద్ధాలు నాకు బాగానే వచ్చు. ఆ రోజే నిజం చెప్పాను.

దరఖాస్తు తిరస్కరించారు. మళ్లీ పెట్టేలోపే మావయ్య పోయాడు.

క్యాలెండర్ అత్తయ్య నాకిచ్చింది. గోడకు ఎడమవైపే తగిలించాను. కుడివైపు స్విచ్‌బోర్డుంది.