చేతి మీది పేరు

కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కి ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే, పక్క సీటులోని పెద్దామె నావైపు తిరిగి ముంజేతి మీది పచ్చబొట్టు చూపించింది. తమిళ అక్షరాల్లో ‘అట్చయా’ అని ఉంది.

“మా పాప పేరు సామీ. దీనికి అర్తం ఏమి?” అని తమిళనాడు తెలుగులో అడిగింది.

“సంస్కృతం పేరమ్మా. తెలుగులో అక్షయ అని రాస్తాం. పాప ఏం చేస్తోంది?”

“ఏళాయిరంపన్నైలో పట్టాసు కంపెనీకి, టపాకాయలు చేసేదానికి, పోతా ఉండె. పోయినేడు మందు అంటుకునె. పాప లేదు.”

అర్థం కోసం ఆమె ఇంకా చెయ్యి చాపే ఉంచింది.

“నాశనం లేనిది అని” అన్నాను చివరికి.

ఆమె తల ఊపింది. సాత్తూరు దాటాక, “ఇంగోతూరి చెప్పు సామీ” అంది.

“నాశనం లేనిది...”

“అర్తం వద్దు, పేరు చెప్పు. పెండ్లి కాకుండా పోయిన బిడ్డ పేరు మా ఇంట్లో ఎవురూ ఎత్తకూడదు. నేనూ ఎత్తకూడదు.”

“అక్షయ” అన్నాను.

“అట్ల గాదు. చేతిలో ఉండేట్ల పిలువు.”

“అట్చయా” అని పిలిచాను. ఆమె కళ్లు మూసుకుంది.

విరుదునగర్ వచ్చేలోపు, ఆమె అడగకపోయినా, ఇంకోసారి పిలిచాను.