సాంచాల మధ్య గుసగుస

ఆ రోజుల్లో ముంబై పక్కనున్న మా భివండీలో మెల్లగా మాట్లాడటం అనే విద్య ఎవరికీ వచ్చేది కాదు. ఇప్పుడూ అంతగా రాదనుకోండి, కానీ అప్పుడు అలాంటి విద్య ఒకటుందని కూడా మాకు తెలియదు. గైబీ నగర్‌లో మా ఇంటికి మూడువైపులా సాంచాల షెడ్లే (మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు). పగలనక రాత్రనక అవి టకటకా కొట్టుకుంటుంటే, ఉప్పుడబ్బా అందుకోమని చెప్పడానికి కూడా అమ్మ అరవాల్సిందే. ముద్దుగా పిలిచినా అరుపే, తిట్టినా అరుపే, తేడా ముఖం చూసి తెలుసుకోవాలి. ఎండాకాలం సెలవుల్లో తెలంగాణలో అమ్మమ్మ ఊరికి పోతే, పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి "ఏమైందమ్మా, ఎందుకు కొట్లాడుకుంటున్నరు?" అని అడిగేవాళ్లు. మేమేమో పప్పు బాగా కుదిరిందని చెప్పుకుంటూ ఉండేవాళ్లం. అలాంటి గొంతుతో పెరిగిన నాకు దొరికిన మొదటి ఉద్యోగం, మనుషులకు చెవిలో చెప్పాల్సిన మాటలు చెప్పడం.

దారం దుకాణం పైన ఒక్క గది, దానికి ఇరుకు మెట్లు. అదే మా సెంటర్. ముంబైలోని ఒక సంస్థ ఏడాదికోసారి ఇచ్చే గ్రాంటు మీద నడిచేది. హెచ్.ఐ.వి. గురించి కార్మికులకు తెలియజెప్పడం, పరీక్ష చేయించుకోమని ఒప్పించడం, వ్యాధి ఉన్నవాళ్లను సర్కారు దవాఖానకు తీసుకుపోయి మందులు మొదలుపెట్టించడం మా పని. సెంటర్‌ను నడిపేది టీచరక్క (ఒకప్పుడు మరాఠీ బడిలో పాఠాలు చెప్పింది, మాతో మాట్లాడేటప్పుడు కూడా వేలు చూపిస్తూనే ఉండేది). ఆమె తరువాత ముఖ్యమైన మనిషి డబ్బాల అత్త. ఆ గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది, దాని తాళంచెవి ఎప్పుడూ అత్త కొంగుకే. ఒక్క ఖోలీలో (అద్దెగదిలో) పదిమంది పడుకునే కార్మికులు తమ మాత్రల డబ్బా ఎక్కడ దాచుకుంటారు చెప్పండి? పక్కవాడు చూస్తే ఏం మందులని అడుగుతాడు. అందుకని డబ్బాలు మా బీరువాలో పెట్టుకుని, షిఫ్టుకు పోతూ పోతూ పైకొచ్చి మాత్ర వేసుకుని పోయేవాళ్లు. అత్త ఎవరి డబ్బా వాళ్లకిచ్చి, నీళ్లిచ్చి, తిన్నావా అని అడిగేది. ఆ డబ్బాల్లో ఒకటి ఆమెది కూడా.

ఉద్యోగంలో చేరగానే నన్ను ముంబైకి ట్రైనింగ్‌కు పంపారు. అక్కడ నేర్పించినదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, మెల్లగా. మెల్లగా కూర్చోవాలి, మెల్లగా తలూపాలి, మీ మాట మీ ముందున్న మనిషికి తప్ప గోడకు కూడా వినపడకూడదు. నేను బుద్ధిగా నేర్చుకుని ఇంటికొచ్చి అమ్మ మీద సాధన మొదలుపెట్టాను. ఆమె ఎదురుగా కొంచెం పక్కకు తిరిగి కూర్చుని, కళ్లలోకి చూస్తూ, "అమ్మా, ఇవ్వాళ నీకు ఎట్ల అనిపిస్తుంది?" అని గాలిలాంటి గొంతుతో అడిగాను. అమ్మ చేస్తున్న రొట్టె వదిలేసి నా నుదుటి మీద చెయ్యిపెట్టింది. "ఏమైందే, గొంతు కూసున్నదా? ముంబైల ఏం తాగినవ్? గట్ల చూడకు, నాకు భయమైతుంది." ఆ పూట నాకు మిరియాల పాలు తాగించింది.

ఇక షెడ్లలో ఆ విద్య ఏమాత్రం పనికొస్తుందో ఊహించుకోండి. సాంచా ఆగితే బట్ట మీటరు ఆగుతుంది, మీటరు ఆగితే కూలి ఆగుతుంది, కాబట్టి నాకోసం సాంచా ఆపేవాళ్లెవరూ లేరు. మొదటివారం నేను పెదవులు కదుపుతుంటే వాళ్లు జాలిగా చూసి చెవి చూపించేవాళ్లు. చివరికి షెడ్డు పద్ధతే నాకూ పట్టుబడింది. మనిషి చెవి దగ్గర నోరుపెట్టి ప్రాణం పెట్టి అరవాలి. అంత చప్పుడులో ఆ అరుపు ఆ ఒక్క చెవికి తప్ప పక్క సాంచా మీదున్న మనిషికి కూడా చేరదు. వింతేమిటంటే, గదిలో తలుపేసుకుని గుసగుసగా అడిగితే నోరు విప్పని మగవాళ్లు, ఆ చప్పుడులో నిశ్చింతగా నా చెవిలో అరిచి అన్నీ అడిగేవాళ్లు. మా ట్రైనింగ్ సార్ వాళ్లు చెప్పిన గోప్యత ఇదే కదా అని నేను మురిసిపోయేదాన్ని.

ఇలా సాగుతుండగా, గ్రాంటు ఇచ్చే సంస్థ నుంచి ముంబై మేడమ్ పని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆమెకు నచ్చితేనే వచ్చే ఏడాదికి గ్రాంటు, లేకపోతే గది ఖాళీ చేయాల్సిందే. టీచరక్క వేలు చూపిస్తూ, నా గొంతు సంగతి తెలుసు కాబట్టి నాకు తప్ప అందరికీ ధైర్యం చెప్పింది. డబ్బాల అత్త మాత్రం బీరువాను తడిగుడ్డతో తుడుస్తూ, "గది పోతె గీ డబ్బాలు ఏడ పెట్టాలె బిడ్డా?" అంది. నా జీతం సంగతి ఆ మాటతో మర్చేపోయాను. ఆ బీరువా రోడ్డున పడితే ఎంతమంది మందు మానేస్తారో వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మేడమ్ వచ్చారు. నూలు చీర, భుజాన సంచి, చాలా మంచి మనిషి. గోడమీది చార్టులన్నీ ఓపికగా చూసి, "మీరు కార్మికులతో ఎలా మాట్లాడతారో షెడ్డులోనే చూడాలి" అని హిందీలో అన్నారు. మమ్మల్ని లోపలికి రానిచ్చే షెడ్డు దగ్గర్లో ఒక్కటే ఉంది, అందులో మా చిన్నాయన పని చేస్తాడు. చిన్నాయన అంటే మా బాపు తమ్ముడే కాదు, మా తెలుగు చర్చిలో సంఘపెద్ద కూడా. నేను ఇన్నాళ్లూ ఆయన సాంచా దగ్గరికి మాత్రం పోకుండా తప్పించుకు తిరుగుతున్నాను (ఆయన కూడా నన్ను చూడగానే దారం తెగినట్టు సాంచా మీదికి వంగిపోయేవాడు). మేడమ్ షెడ్డంతా కలియజూసి, తలుపు దగ్గరే ఉన్న చిన్నాయనను చూపించి సైగ చేశారు. ఆయనతో మాట్లాడు!

ఆ చప్పుడులో ఆయన మా చిన్నాయన అని మేడమ్‌కు ఎలా చెప్పను? టీచరక్క వెనక నుంచి వీపు మీద పొడిచింది. బీరువా గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డాం. నేను కళ్లు గట్టిగా మూసుకుని, ఆయన చెవి దగ్గర నోరుపెట్టి, ఎలాగూ ఎవరికీ వినపడదు కదా అనే ధైర్యంతో, నా జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా మొదలుపెట్టాను. మొదటి రెండు మాటలూ చప్పుడులో కలిసిపోయాయి. మూడో మాట దగ్గర కరెంటు పోయింది.

భివండీలో కరెంటు పోతే ఒక్క షెడ్డు ఆగదు. గల్లీ గల్లీ అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలోకి నా గొంతు నిండుగా బయలుదేరింది. "కండోమ్ లేకుండ పోవద్దు చిన్నాయనా!"

షెడ్డులో ఒక్కరూ కదల్లేదు. బయట చాయ్ బండి దగ్గర గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగింది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న మా చర్చి అయ్యగారి భార్య, చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని కిందికి తొంగిచూసింది. చిన్నాయన ఆగిపోయిన సాంచాలో లేని దారం కోసం వెతుకుతూ, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా, "బిడ్డా, నేను సంఘపెద్దను" అన్నాడు. చాయ్ బండి చాచా బయటి నుంచే, "అరే భాయ్, సున్ లో, బచ్చీ సహీ బోల్ రహీ హై!" అని అరిచాడు, పిల్ల చెప్పేది నిజమే వినండని. అప్పుడు లేచిన నవ్వు గల్లీ చివరి వరకు పోయింది. మేడమ్ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ చెంగు వెనక ఏముందో నాకు కనిపించలేదు. గ్రాంటు పోయింది, గది పోయింది, రేపటి నుంచి చర్చికి పోవడం కూడా పోయింది అనుకున్నాను.

నవ్వు తగ్గాక మూలసాంచా మీది పెద్దాయన ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఎట్లాగూ సాంచాలు బంద్ ఉన్నయ్ గద, ఒక ముచ్చట అడుగుత. గా బీమారి ఉన్నోని తోని ఒక్క పళ్లెంల తింటె మనకు అంటుతదా?" ముంబై ట్రైనింగ్‌లో కూడా అంత మెల్లగా మాట్లాడలేదు నేను. "రాదు" అన్నాను. "ఏందీ? గట్టిగ చెప్పమ్మా, ఇందాక మస్తు చెప్పినవ్ గద!" అన్నారు నలుగురు. "రాదు! తింటె రాదు, తాకితె రాదు, మందులు రోజు వేసుకుంటె మనలెక్కనే బతుకుతరు!" అని అరిచాను. ఇంకెవరో పరీక్షకు పైసలు పడతాయా అని అడిగారు, పడవని చెప్పాను. అంతలో కరెంటు వచ్చింది, సాంచాలు లేచాయి, అందరూ తమ తమ పనుల్లోకి వంగిపోయారు.

మేము బయటికి పోతుండగా ఒక మనిషి నన్ను చేత్తో పిలిచాడు. (ఆయన ఏ సాంచా మీద ఉన్నాడో చెప్పను. వయసు, చొక్కా రంగు, మీసం ఉందో లేదో కూడా చెప్పను. భివండీ వాళ్లెవరైనా చదువుతుంటే వెతకడం మానెయ్యండి.) దగ్గరికి పోతే నా చెవి దగ్గర నోరుపెట్టి, ఆ చప్పుడులో, ఒక మాట అరిచాడు. నేను ఆయన చెవిలో ఇంకో మాట అరిచాను. ఆయన తలూపి సాంచా వైపు తిరిగాడు. తలుపు దగ్గర నిలబడి మేడమ్ అంతా చూస్తున్నారు.

సెంటర్‌కు తిరిగొచ్చి చాయ్ తాగుతుండగా మేడమ్ అడిగారు. "చివర్లో ఆయన ఏమన్నారు?" అది చెప్పకూడదండి అన్నాను. ఆమె నవ్వి, "పేరు వద్దమ్మా. మా పైవాళ్లకు ఒక్క మనిషి కథైనా చెప్పాలి. గ్రాంటు రావాలంటే అలాంటిదే కావాలి" అన్నారు. టీచరక్క నా వైపు చూసి దగ్గింది. ఆ దగ్గులో చెప్పు, చెప్పెయ్ అనే మాట స్పష్టంగా ఉంది. "పేరు చెప్పకున్నా మీరు ఆయనను చూసిన్రు గద మేడమ్" అన్నాను. అది కూడా మా ఇంటి గొంతుతోనే, కింద దారం దుకాణం వాళ్లకు వినపడేటట్టు.

అప్పుడు బీరువా పక్కన నిలబడిన డబ్బాల అత్త ముందుకొచ్చింది. అత్త హిందీ మాట్లాడితే సగం తెలుగే ఉంటుంది, అయినా మేడమ్ శ్రద్ధగా విన్నారు. "మేడమ్, గీ పిల్ల గొంతు పెద్దదే. గల్లీ అంత విన్నది, మీరు గూడ విన్నరు. గని మేం చెప్పిన ముచ్చట ఇప్పటిదాంక ఒక్కటి గూడ గీమె నోట్లకెళ్లి బయటికి రాలే. గందుకే మా డబ్బాలు ఈడ పెట్టుకున్నం." మా డబ్బాలు అంది. బయటి మనిషి ముందు అత్త ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చి చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. మేడమ్ చాయ్ పూర్తిగా తాగి, అత్త చెయ్యి కాసేపు పట్టుకుని, గ్రాంటు మాటెత్తకుండా వెళ్లిపోయారు. "ఒక్క పూటల నీ నౌకరీ, నా సెంటర్ రెండూ తీసినవ్" అంది టీచరక్క, ఈసారి వేలు చూపించకుండా. ఆ ఆదివారం చర్చిలో చిన్నాయన, నోటికి కావలి లేని మన యవ్వనస్థుల కొరకు అని చాలాసేపు ప్రార్థన చేశాడు. సంఘమంతా నా వైపు చూస్తూ ఆమేన్ అంది.

కొన్ని వారాలకు ఫోనొచ్చింది. అడిగినంత ఇవ్వలేదు గానీ గ్రాంటు ఇచ్చారు. గది నిలిచింది, బీరువా ఉన్నచోటే ఉంది. ఒక్కటే షరతు పెట్టారట. షెడ్లలో తిరిగే ఆ అమ్మాయిని గొంతు తగ్గించుకునే ట్రైనింగ్‌కు ఇంకోసారి పంపాలని! పోయాను, మళ్లీ బుద్ధిగా నేర్చుకున్నాను, తిరుగు రైలు దిగి ఆటో ఎక్కేసరికి మర్చిపోయాను.

ఇప్పుడు నేను అంజూర్ ఫాటా దగ్గర కొత్త బిల్డింగులో ఉంటున్నాను. చుట్టూ గోదాములు, ట్రక్కులు, కానీ సాంచాల చప్పుడు లేదు. నేను ఫోన్ మాట్లాడితే కింది అంతస్తు వాళ్లు వాచ్‌మన్‌ను పంపిస్తారు. ఒక్కోసారి ఆ రోజు చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. ఇప్పటి నన్ను అక్కడ కూర్చోబెడితే, ఇంటి కిస్తులు, పిల్లల ఫీజులు తలచుకుని కాసేపు నీళ్లు నమిలేదాన్నేమో. ఆ పిల్లకు మెల్లగా మాట్లాడటం రాకపోయినా మాట దాచడం వచ్చు, ఆ మాట ఒప్పుకోవాలి. అది మాత్రం నేనింకా మర్చిపోలేదు. ఆ మనిషి ఆ రోజు నా చెవిలో ఏమన్నాడో మా ఇంట్లోవాళ్లకు చెప్పలేదు, మీకూ చెప్పను, ఏమనుకోకండి.

ఆయన మాత్రం ధామన్‌కర్ నాకా దగ్గర అప్పుడప్పుడు కనిపిస్తాడు. ఇంత దూరం నుంచి గుర్తుపట్టి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, సాంచాలేవీ లేకపోయినా అలవాటుగా నా చెవి దగ్గర నోరుపెట్టి అరుస్తాడు. "బాగున్నవా బిడ్డా!" నేనూ ఆయన చెవిలో అరుస్తాను. "బాగున్న! మీరెట్లున్నరు?" "మంచిగున్న! మస్తు మంచిగున్న!" ఆటో స్టాండులోని వాళ్లు మా ఇద్దరికీ గొడవైందనుకుని విడదీయడానికి వస్తారు.