మనవరాలి ఆటలో దెయ్యం

వేసవి సెలవులకు మనవరాలు లిఖిత గుడివాడ నుంచి చల్లపల్లిలో మా ఇంటికి వచ్చింది. ఒకరోజు నేను ఎండురొయ్యల తలలు తుంచుతుంటే, పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆట ఆడుతోంది. తెరమీద ఒక దెయ్యం తరుముకొస్తోంది. పిల్ల ఏవో అక్షరాలు కొట్టగానే ఆ దెయ్యం ఆగి, బుద్ధిగా వెంట నడిచింది.

"ఏం చేశావే?"

"కమాండ్ ఇచ్చాను నాయనమ్మా. ఇంక ఇది కొట్టదు."

దెయ్యం నెత్తిన ఏదో పేరుంది. నా మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాను. "నాయనమ్మ" అని ఉంది.

లిఖిత గబుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. ఫ్యాను ఆపలేదని పొద్దున్నే ఆ చేతులమీద గరిటెతో కొట్టాను.

"కొట్టన్లేవే" అన్నాను. అయినా చేతులు ముందుకు తేలేదు.

నలుగురు పిల్లల్ని ఇలాగే పెంచాను. వాళ్ళూ ఇంతలా భయపడేవారేమో, ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.