రెండో కొస

గురజాల ఆసుపత్రిలో మా నర్సమ్మకు ఒక అలవాటుండేది. కుట్లు వేసే దారం ఏదొచ్చినా ఒక కొస తను పట్టుకొని, రెండో కొస ఎదుటివాడి చేతికిచ్చి లాగమనేది.

యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్లకు, అప్పట్లో మిగిలిపోయిన మిలిటరీ వాళ్ల దారం పెట్టె ఒకటి మాకు పంపారు. గుమస్తానైన నేను మూత కూడా తీయకుండా రిజిస్టరులో ‘బాగున్నవి’ అని రాసేశాను. నర్సమ్మ నాకో కొస ఇచ్చింది. లాగాను. దారం పుటుక్కుమంది, నేను వెల్లకిలా పడ్డాను.

అప్పటికే కొడవలి దిగిన కాలితో ఒక కూలామె బల్ల మీద మూలుగుతోంది. తనిఖీకొచ్చిన అధికారి విసుక్కున్నాడు.

“సిపాయిలకు పనికొచ్చింది కూలోళ్లకు పనికిరాదా ఏంది? కుట్టెయ్యమ్మా!”

“కుడతా సార్. ముందు మీరీ కొస పట్టుకోండి.”

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

“అంటే తెగుద్దని మీకు తెలుసు! తెలిసే కుట్టమంటన్నారు!” అంది నర్సమ్మ.

మా పాత దారంలో మిగిలిన కాస్త మంచిదానితో నర్సమ్మ ఆ కాలు కుట్టింది. ఆ జేబులు తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆయన ఎదుటే ‘బాగున్నవి’ కొట్టేసి ‘పనికిరావు’ అని రాశాను.

నర్సమ్మ రిజిస్టరు లాక్కొని చదివి చూసుకుంది. నా మాట గట్టిదని ఆమెకేం నమ్మకం?