అంచులు కోసిన గ్రాఫు

మా రక్తపరీక్షల ల్యాబులో అందరూ అతన్ని కత్తెర అంటారు. కోడు రాసి, రోగుల నెలవారీ రిపోర్టులకు గ్రాఫులు గీయడం అతని పని. గ్రాఫు చుట్టూ తెల్లటి ఖాళీ కనిపిస్తే కూర్చున్నచోట కూర్చోలేడు. కాలు ఊపుతూ, గోళ్లు కొరుకుతూ, "ఇంత ఖాళీ ఎవరికండీ?" అని పక్క బల్ల దగ్గరున్న నా ప్రాణం తోడేసేవాడు.

చివరికి కోడులో గ్రాఫును సేవ్ చేసే లైనులో, చుట్టూ ఉన్న ఖాళీ కోసెయ్యమని ఒక్క మాట చేర్చాడు. అంచులన్నీ తెగి, గ్రాఫు కాగితం నిండా పరుచుకుంది. ఆ రోజు ఆనందంతో అతని కాళ్లు భూమ్మీద నిలవలేదు.

వాళ్లక్క రిపోర్టూ మా ల్యాబు నుంచే వెళ్తుంది. ఆవిడ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ నెల గ్రాఫులో క్రియాటినిన్ గీత దిగితే మందులు చాలు, దిగకపోతే డయాలసిస్ తప్పదన్నారు డాక్టరు. ఆవిడకు అంకెలు పట్టవు. పాత కాగితం మీద కొత్తది పెట్టి, కింది అంచులు కలిపి, కిటికీ అద్దానికి ఆనించి చూసుకుంటుంది.

ఈ నెల రిపోర్టు ఆవిడకు అందిన మర్నాడు కత్తెర స్వీట్ల డబ్బాతో వచ్చాడు.

"అక్కకి తగ్గిందండీ. ఇద్దరం కళ్లారా చూశాం."

పరీక్షల అంకెలు రాసే రిజిస్టరు నా ముందే ఉంది. ఆవిడ పేరున్న వరుస మీద వేలు పెట్టి చూపించాను.

"తగ్గలేదయ్యా. పోయిన నెలకంటే పెరిగింది."

ల్యాబులో ఉన్న రెండు నెలల రిపోర్టు కాపీలూ లాక్కుని, గదంతా తిరుగుతూ చూశాడు. అప్పుడు తెలిసింది సంగతి. గ్రాఫు కుడిపక్కన పరీక్ష చేసినవారి పేరు పడుతుంది. ఈ నెల కొత్తగా చేరినావిడ పేరు చాంతాడంత. పక్కన ఖాళీ లేక, అది ఇమడడానికి బొమ్మే వెడల్పయింది. అంత వెడల్పు బొమ్మను కాగితంలో పట్టించేసరికి మొత్తం కుదించుకుపోయి, గీత కిందికి జారింది. మునుపటి ఖాళీ ఉంటే పేరు అందులోనే సర్దుకునేది.

ప్రతి గ్రాఫుకూ ఒకే కొలత అంచులు పెట్టి, రెండు నెలలవీ మళ్లీ ప్రింటు తీశాడు. "అక్క దగ్గరికి మీరూ రండి, నాకు ధైర్యం చాలట్లేదు" అన్నాడు. నాకూ లేదు, అయినా వెళ్లాను.

అక్క కొత్త ప్రింట్లు రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించి, పైకి లేచిన గీత చూసుకుంది. తమ్ముడు తప్పంతా చెప్పేసి తల దించుకున్నాడు.

"రాత్రి హాయిగా నిద్రపోయాన్రా, ఎన్నాళ్లకో" అంది ఆవిడ. "ఆ ఒక్క రాత్రిని మాత్రం కత్తిరించకు."

తర్వాత డాక్టరుకు ఫోను కలపమంది.