నోరీన్ వేసిన సున్నాలు

గోధుమల గోదాములో ముప్పై ఏళ్లు కాటా చూసిన నోరీన్ ఏనాడూ ఒక్క కిలో అటూ ఇటూ రాయలేదు. ఉద్యోగం మానాక పక్షుల సంఘం వాళ్లు కర్లూ పిట్టల లెక్క అప్పగిస్తే, అదీ అలాగే చేసింది. కర్లూ పగలంతా ఎండుగడ్డిలో కట్టెపుల్లలా కదలకుండా పడి ఉంటుంది. చీకటి పడితే, తప్పిపోయిన పిల్ల కోసం ఎవరో ఏడ్చినట్టు సన్నగా అరుస్తుంది. ఏటా ఒక రాత్రి ఊరి బయళ్లలో ఎనిమిది చోట్ల ఆగాలి, ఒక్కోచోట పది నిమిషాలు చెవి ఒగ్గాలి, విన్నదే రాయాలి. పందొమ్మిదేళ్లుగా రాస్తోంది. మొదట్లో పద్నాలుగు, తర్వాత ఆరు, గడిచిన రెండేళ్లూ సున్నా. ఆ సున్నాలు చూసే, కాపాడటానికి పిట్టలే లేవని, వాటిని తినే నక్కలకు విషపు ఎర పెట్టడం సంఘం వాళ్లు మానేశారు.

ఈ అక్టోబరులో ఆమె కారు మరమ్మతుకు వెళ్లింది. పక్క పొలం గొర్రెల రైతు క్లారీ తన బండిలో తీసుకెళ్లాడు. ఐదో చోట, అతని కంచె దగ్గరే, ఇంజను ఆపారు. గాలి లేదు.

"నీ చుట్టాలు ఇవాళ మంచి హుషారు మీదున్నారే," అన్నాడు క్లారీ.

"ఎవరు?"

"ఎవరేంటి! ఆ ఏడుపు వినపడట్లా?"

ఆమెకు ఏమీ వినపడలేదు. "వేళాకోళం చాలు. లెక్కలో ఉన్నాను."

"నీ మీద ఒట్టు. అదిగో, మళ్లీ!"

"రోజూ ఉంటుందా ఇది?"

"రెండేళ్లుగా వింటూనే ఉన్నా. మా ఆవిడ కిటికీ మూసేసుకుంటుంది కూడా. కర్లూలు లేవని నువ్వే రాశావన్నారు, ఇంకేదో పిట్టేమో అనుకున్నా. పిట్టల సంగతి నీకు చెప్పేంతవాణ్ణా నేను?"

నోరీన్ లెక్క కాగితం మీద టార్చి వేసింది. తన చెవులు ఏ ఏడాది నుంచి పోతున్నాయో? అంతకుముందు రాసిన ఆరు, నిజంగా ఆరేనా?

"వినపడ్డప్పుడల్లా వేలెత్తు. నోరు మెదపకు."

"చిన్నప్పుడు బళ్లో కూడా ఇన్నిసార్లు ఎత్తలేదు," అని గొణుగుతూనే ఎత్తాడు. ఎడమవైపు ఒకటి. తర్వాత కుడివైపు ఇంకొకటి. టార్చి వెలుగులో ఆమె రెండు గీతలు గీసింది.

అంతలో కంచె అవతల బొంగురు గొంతుతో ఏదో మొరిగింది.

"నక్క," అన్నాడు క్లారీ.

"తెలుసు. అది వినపడింది."

ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. కాగితం అడుగున ఆమె రాసింది: వెనకటి సున్నాలు నమ్మవద్దు, పిట్టల సన్నని కూత నాకు వినపడటం లేదు. తలెత్తి అతని చెయ్యి చూసింది. అది మోకాలి మీదే ఉంది. గడువు ముగిసేదాకా చూస్తూనే ఉంది. వేలు లేవలేదు.