రోమా ఇంటి గడపలో ముగ్గు

పంతొమ్మిదివందల ఇరవైలలో, సరిగ్గా ఏ ఏడో చెప్పలేను, రంగూనులో ఒక కలప వ్యాపారం దొరగారి బంగళాలో పెద్దాయాగా చేరాను. అప్పటికే మా ఆయన రేవులో ఓడ సరుకు దించుతూ పోయాడు. మన కూలీల పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో ఒంటిగా ఉన్నదాన్ని, పని కావాల్సొచ్చింది. పెద్దాయా అంటే బిడ్డ మొత్తం నా చేతిది: స్నానం, తిండి, నిద్ర. గది ఊడ్చేది, గుడ్డలు ఉతికేది చిన్నాయా. నన్నడక్కుండా బట్లరు కూడా బిడ్డ గదిలోకి రాకూడదు.

బిడ్డ పేరు ఐలీను. నెలల పసిగుడ్డుగా నా చేతికిచ్చారు. దొరసాని నాతో వంటింటి హిందుస్తానీ మాట్లాడేది. అది ఆవిడకీ సరిగా రాదు, నాకూ రాదు. పిల్లతో మాత్రం నా తెలుగే మాట్లాడాను. పొద్దున్నే బంగళా వెనక మా నౌకర్ల క్వార్టర్ల ముందు ముగ్గేస్తుంటే పక్కన గొంతుక్కూర్చునేది. పొరపాటున దానికి కాలు తగిలితే వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. నేర్పలేదు, నన్ను చూసి పట్టేసింది.

అయిదేళ్ళు నిండాక ఇంగ్లండు తీసుకెళ్ళి బడిలో వేస్తామన్నారు. దొరల పిల్లలందరికీ అదే పద్ధతి. ఓడలో పిల్లను చూసుకోవాలి, అక్కడ బడిలో చేరేదాకా ఏడాదిపాటు నన్ను దగ్గరుంచుతానని దొరసాని మాటిచ్చింది. ఆ ఏడాది కోసమే నేను సముద్రం దాటడానికి ఒప్పుకున్నాను. ఓడలో ఇంకో ఇంటి ఆయా, గంజాం మనిషి చిన్నమ్మి, "ఏటే నర్సమ్మా, పిల్లతోపాటు నువ్వూ పలక పట్టుకుంటావేటి?" అని ఏడిపించేది.

ఇటలీలో నేపుల్సు రేవులో ఓడ ఒక పగలు ఆగింది. మా దొరసానీ ఇంకో ఇద్దరు దొరసానులూ అక్కడి పాత ఇల్లు చూడ్డానికి బయల్దేరారు. పిల్ల నన్ను వదలదని నన్నూ తీసుకెళ్ళారు. ఎప్పటి కాలానిదో, రోమావాళ్ళు కట్టుకున్న ఇల్లట. కొండ పేలి బూడిదలో పూడిపోతే తవ్వి తీశారట. పైన కప్పు లేదు. గోడలు మాత్రం పండుమిరప రంగులో ఉన్నాయి. వాటి మీద పిట్టలు, పండ్ల గుత్తులు, రెక్కలున్న పసిపిల్లలు. గడప దాటగానే నేలంతా తెల్లవీ నల్లవీ చిన్న రాళ్ళు పొదిగి మెలికలు మెలికలుగా తీర్చారు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాకిట్లో అలా తీర్చిందాన్ని మేం ముగ్గనే అంటాం. తొక్కుతామా? చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా ఒదిగి నడిచాను. దొరసానులు దాని మీదుగానే లోపలికి వెళుతూ పిల్లను రమ్మన్నారు.

పిల్ల కదల్లేదు. నడుం మీద చెయ్యేసుకుని, మా పేట అమ్మలక్కల గొంతుతో, "ఏటమ్మా, కళ్ళు అవుపడ్నేదేటి? ముగ్గు తొక్కీస్తన్నారు! సుట్టూ తిరిగెల్లండి!" అని తల్లి మీద కేకేసింది. తన బూటు అంచు రాళ్ళకు తగిలిందని వంగి తాకి కళ్ళకద్దుకుంది కూడా.

తక్కిన ఇద్దరూ పకపకా నవ్వారు. తల్లి ముఖం కందిపోయింది. ఇంగ్లీషులో చెప్పమని గద్దించింది. పిల్లకు ముగ్గుకి ఇంగ్లీషు మాట తెలియలేదు. నా వైపు తిరిగి, "ఆయమ్మా, ఈల్లకి నువ్వు సెప్పు" అంది. నాకు మాత్రం ఏం తెలుసు? పాప మంచి పనే చేసిందని నా హిందుస్తానీలో అన్నాను. దొరసాని వెనక్కొచ్చి పిల్ల రెక్క పుచ్చుకుని ఆ రాళ్ళ మీదుగానే నడిపించుకుపోయింది. పిల్ల ఏడుస్తూ వెళ్ళింది.

తర్వాతి రేవు ఫ్రాన్సులో మార్సేల్సు. అక్కడ రంగూను వెళ్ళే ఒక దొరసానికి ఆయా కావాలంటే నన్ను అప్పగించేశారు. మా పనిలో అది మామూలే, ఒక ఓడ దింపి ఇంకో ఓడ ఎక్కిస్తారు. పిల్లకు ఇక తెల్ల నర్సు ఉంటుందని, నేనుంటే అది ఇంగ్లీషు పిల్ల కాలేదని దొరసాని మర్యాదగానే చెప్పింది. పిల్ల మధ్యాహ్నం నిద్రలో ఉంది. చెప్పి వెళ్తానంటే లేపొద్దన్నారు. చిన్నమ్మి నా మూట అందిస్తూ, "లెగిస్తే నాను సూసుకుంటాన్లే, నువ్వెల్లు" అంది.

ఆయాకు అప్పగించేది పిల్ల ఒంటినే, నోటిని కాదు. అది నాకు ఆ ప్రయాణంలో తెలిసింది. జపాను బాంబులు పడేదాకా రంగూనులో ఇంకా చాలా ఇళ్ళలో చేశాను. పిల్లలతో వంటింటి హిందుస్తానీ తప్ప మాట్లాడలేదు. ఎక్కడా పని పోలేదు. ఆ పిల్లల్లో ఒక్కరి ముఖం కూడా నాకిప్పుడు గుర్తు లేదు.